బయట ఉద్యోగం ఇప్పించే పని

పోర్ట్ బ్లెయిర్‌లో ‘బయట’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మెయిన్‌లాండ్, అంటే విశాఖపట్నం, చెన్నై, కలకత్తా. రెండోది విదేశం. నేను పనిచేసిన ప్రైవేటు కాలేజీలో బీబీఏకో ఎంబీఏకో పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు ఫీజు సంగతి కంటే ముందు అడిగేది ‘బయట ఉద్యోగం వస్తుందా?’ అని. రెండో అర్థంలోనే అడుగుతున్నారని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసిపోయేది.

నేను ఆ కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని. చదువు పూర్తయిన పిల్లలకు ఉద్యోగాలు వెతికిపెట్టడం, ఇంటర్వ్యూలకు తయారు చేయడం నా పని. అంతకుముందు అబర్డీన్ బజారు దగ్గర ఒక హోటల్లో రిసెప్షన్‌లో చేశాను. మా తాతగారి తరంలో శ్రీకాకుళం సముద్రతీరం నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాం. ఈ మధ్యనే రిటైరై ఆస్టినాబాద్‌లో ఇంటిపట్టున ఉంటున్నాను. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి ఫైళ్ళన్నీ అప్పజెప్పాను. ఫైళ్ళలో లేనివి కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకూ, మేనేజ్‌మెంట్ డిగ్రీ పట్టుకుని విమానం ఎక్కాలనుకునేవాళ్ళకూ పనికొస్తే సంతోషం.

డిగ్రీ ఎంతవరకు తీసుకెళ్తుంది

ముందు అప్రియమైన సంగతి చెప్పేస్తాను. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన మేనేజ్‌మెంట్ పట్టభద్రుడి కోసం విదేశాల్లో ఎవరూ ఎదురుచూడటం లేదు. వాళ్ళకు వాళ్ళ పిల్లలే బోలెడంతమంది ఉన్నారు. బయటివాణ్ణి తెచ్చుకోవాలంటే ఎందుకు తెచ్చుకుంటున్నారో వాళ్ళ ప్రభుత్వానికి చెప్పుకోవాలి. ఏ అనుభవమూ లేని మేనేజర్ కోసం అంత తంటా ఎవరు పడతారు? దొరికేవి హోటళ్ళు, విహార నౌకలు, గిడ్డంగులు, పెద్ద దుకాణాలు. అక్కడ కూడా అడుగుమెట్టు మీదే. డిగ్రీ వల్ల ఒరిగేది ఒక్కటే, ఆ మెట్టు మీద ఎక్కువకాలం ఉండకపోవచ్చు. ఉండకపోవచ్చు అంటున్నాను, ఉండరని చెప్పడం లేదు.

కిరణ్ అని ఒక ఎంబీఏ కుర్రాడు ఉండేవాడు. వాళ్ళ నాన్నగారు రోడ్ల కాంట్రాక్టులు చేసేవారు. ఇంట్లో దేనికీ లోటు లేదు. తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు వాడివే. దుబాయ్, సింగపూర్, కెనడా ఎక్కడైనా సరే, మేనేజర్ అని ఉన్న ఉద్యోగానికే దరఖాస్తు పెట్టేవాడు. ఎవరూ జవాబివ్వలేదు. చివరికి దుబాయ్‌లో సరుకు రవాణా కంపెనీలో ఉన్న నా పరిచయస్తురాలు ఒకావిడ, నా మాట మీద వీడియోలో మాట్లాడటానికి ఒప్పుకుంది.

“ఇంతవరకు ఎంతమంది చేత పని చేయించావు?” అని అడిగింది.

“చేయించలేదు మేడమ్. కానీ లీడర్‌షిప్ నా స్పెషల్ సబ్జెక్టు.”

“సరే. ఎవరి కింద పనిచేశావు?”

“ఎవరి కిందా చేయలేదు.”

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. కిరణ్ నా మీద విరుచుకుపడ్డాడు. “ఇన్నేళ్ళు చదివింది బేకారేనా మేడమ్?” అన్నాడు. బేకార్ కాదు, ముందు ఎవరి కిందైనా పని చెయ్యి అన్నాను. ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో ఖాళీ ఉందనీ, అక్కడ రెండేళ్ళు చేస్తే దుబాయ్ ఆవిడ మళ్ళీ మాట్లాడుతుందనీ చెప్పాను. జెట్టీ దగ్గర పనా అని ముఖం చిట్లించి వెళ్ళిపోయాడు. తర్వాత ఇక్కడే ఇనుము, సిమెంటు వ్యాపారం పెట్టుకున్నాడు. బాగా నడుస్తోంది. ఆనందంగానే ఉన్నాడు. బయటికి వెళ్ళకపోవడం ఓటమి అని నేనెప్పుడూ అనుకోలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు కూడా అనుకోకండి.

ఇంకో మాట. నేరుగా మేనేజర్ పోస్టు ఇప్పిస్తానని ఏ ఏజెంటైనా అంటే, ప్రభుత్వం దగ్గర మీ పేరు నమోదై ఉందా అని అడగండి. ఆ ప్రశ్నకు వాడికి కోపం వస్తే లేచి వచ్చేయండి.

మా డైరెక్టర్ గారు

మా డైరెక్టర్ గారిది కాకినాడ. ఈ ద్వీపాలకు వచ్చి కాలేజీ పెట్టిన మనిషి. ఆయన గురించి చెడ్డగా రాయడం తేలిక. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ మీద విదేశాల్లో ఉన్న మన విద్యార్థుల ఫొటోలు ఉండాలనేది ఆయన పట్టుదల. ఒక్కో ఫొటో కింద ఏ ఉద్యోగం పేరు రాయాలి అనేదాని మీద మా ఇద్దరికీ ఏటా గొడవే.

అయితే మా కుర్రాడొకడు ఖతర్‌లో జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసినప్పుడు, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఫోన్ వదలకుండా వాడు పనిచేసే కంపెనీవాళ్ళను ఊపిరి తీసుకోనివ్వకుండా చేసింది కూడా ఆయనే. భోజనం తెప్పిస్తే ముట్టుకోలేదు. ఉద్యోగం ఇచ్చినవాడికి భయపడకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చెప్పకూడని మాట ఫ్లెక్సీ మీద వేయకూడదని కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను, వేరే పద్ధతిలో.

రత్నం

నా పనంతటిలో ఒక్కరి గురించి చెప్పమంటే నూకరత్నం గురించి చెబుతాను. బీబీఏ చదివింది. ఇల్లు జంగ్లీఘాట్‌లో, చేపల రేవు పక్కనే. తండ్రి అప్పలరాజు సొంత పడవ మీద వేటకు వెళ్తాడు. తల్లి పోలమ్మ బజార్లో చేపలు అమ్ముతుంది.

మార్కులు మధ్యరకం. ఇంగ్లీషు రాయడం కష్టం. తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. మా పిల్లల్లో చాలామంది అంతే. అయితే హిందీ ఎలాగూ వచ్చు. పక్కింటివాళ్ళ వల్ల బెంగాలీ, స్కూలు స్నేహితురాళ్ళ వల్ల తమిళం వచ్చాయి. అది గొప్ప అని ఆ పిల్లకు తెలీదు. ఇక్కడ అందరికీ అంతే కదా.

మాక్ ఇంటర్వ్యూలో నేను, “విదేశంలోనే ఎందుకు పనిచేయాలనుకుంటున్నావు?” అని అడిగాను. గ్లోబల్ ఎక్స్‌పోజర్ అని మొదలుపెట్టి కంఠతా పట్టినదంతా అప్పజెప్పింది.

“ఇది నీ స్నేహితురాలు కూడా చెప్పింది. నీ సంగతి చెప్పు,” అన్నాను.

కాసేపు గోళ్ళు చూసుకుంది. “సచ్ బోలూఁ మేడమ్? ఉన్నది చెప్పేస్తాను. ఇక్కడ నేనెక్కడికెళ్ళినా పోలమ్మ కూతురే. బస్సులో కండక్టర్ కూడా, అమ్మ ఇవాళ ఏ చేప తెచ్చిందని అడుగుతాడు. అది తప్పని కాదు. లేకిన్ ఒక్క చోటన్నా ముందు నా పేరు అడగాలి మేడమ్.”

ఇది ఇంటర్వ్యూలో చెప్పే జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. కానీ ఈ పిల్ల కష్టం వస్తే నిలబడుతుందని నాకు ఆ రోజే అనిపించింది.

ఆ సంవత్సరం మాల్దీవుల్లో ఒక రిసార్టువాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూలు పెట్టారు. రత్నాన్ని తీసుకుంటామన్నారు. దాపరికం లేకుండానే చెప్పారు. గదులు శుభ్రం చేసే పని, పని చూశాక రిసెప్షన్‌లోకి మార్చే అవకాశం ఉంటుంది, మాట మాత్రం ఇవ్వలేం అన్నారు. 

డైరెక్టర్ గారు సంతోషంతో నా గదిలోకి వచ్చారు. “సుజాత గారూ, మన అమ్మాయి మాల్దీవ్స్‌లో మేనేజ్‌మెంట్ ట్రైనీ అన్నమాట!”

“గదులు శుభ్రం చేసే పనండీ.”

“హోటల్ మేనేజ్‌మెంట్‌లో అదీ ఒక భాగమే కదండీ.”

“భాగమే. అలాగే రాయండి మరి, గదులు శుభ్రం చేసే పని అని.”

ఆయన నవ్వి వెళ్ళిపోయారు. ఫ్లెక్సీ మీద ట్రైనీ కూడా కాదు, ఎగ్జిక్యూటివ్ అని వేశారు.

జంగ్లీఘాట్‌లో

వెళ్ళాలా వద్దా అనేది రత్నం ఇష్టం. కానీ ఆ పనేమిటో ఇంట్లో ముందే తెలియాలని నేను పట్టుబట్టాను. ఇలాంటివి పిల్లల నోటికి వదిలేస్తే సగమే చెబుతారు. అందుకని నేనూ వెంట వెళ్ళాను. ఒక ఆదివారం, అప్పలరాజు వేట నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్న వేళ.

నేను చెప్పినదంతా ఆయన విన్నాడు. తర్వాత అన్నాడు, “మేడమ్, నానడిగేది ఒకటే. గదులు తుడవడానికేటి నా గుంటని కాలేజీకి పంపినాను? తుడిసే పనైతే ఈ ఇల్లు నేదా?”

“నాన్నా, శురూలో అంతే...” అని రత్నం ఏదో అనబోయింది.

“నువ్వుండు.”

అప్పుడు లోపలి నుంచి పోలమ్మ వచ్చింది. “నాను రోజూ బజార్లో సేపలు కోస్తన్నాను. ఆ సేతుల్తోనే అన్నం ఎడతన్నాను. నీకెప్పుడన్నా నామోషీ అనిపించిందేటి?”

“నీది యేరు. నువ్వు సదూకోనేదు.”

“సదూకుంది గాబట్టే అది అక్కడే ఉండిపోదు. ఎల్లనీ.”

అప్పలరాజు ఒప్పుకున్నట్టూ అనలేదు, ఒప్పుకోనట్టూ అనలేదు. చొక్కా వేసుకుని రేవు వైపు వెళ్ళిపోయాడు. రత్నం వెళ్ళింది. ఆమె వెళ్ళిన కొద్దిరోజులకే, కూతురు మాల్దీవుల్లో మేనేజరు అయిందని ఆయన రేవంతా చెబుతున్నాడని నాకు తెలిసింది. మా ఫ్లెక్సీ ఆయనకు సాక్ష్యంగా పనికొచ్చింది.

ఉపయోగపడేవాళ్ళను ఎక్కడ ఉంచుతారు

మాల్దీవుల నుంచి రత్నం ఆదివారాలు ఫోన్ చేసేది. మొదట్లో నడుము నొప్పి గురించి, పరుపు దుప్పట్లు మడతలు లేకుండా పరచడం గురించి చెప్పేది. చాలామంది మానేసి వచ్చేది ఈ దశలోనే. రత్నం రాలేదు.

నెమ్మదిగా ఇంకో సంగతి మొదలైంది. ఆ రిసార్టులో బట్టలుతికేవాళ్ళు, తోటపనివాళ్ళు, సామాను మోసేవాళ్ళలో ఎక్కువమంది బంగ్లాదేశ్ మనుషులు. ఇంగ్లీషు రాదు. రత్నం పైన సూపర్‌వైజర్ నిమల్ అనే శ్రీలంక మనిషి, తమిళం మాట్లాడతాడు. ఆయనకు బెంగాలీ రాదు. మధ్యలో రత్నం. పొద్దున్నే ఎవరు ఏ పనికి వెళ్ళాలో నిమల్ తమిళంలో చెబితే, రత్నం బెంగాలీలో అందరికీ చెప్పేది. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు సెలవు అడుగుతున్నారో తిరిగి ఆయనకు చెప్పేది. కొన్ని నెలలకు డ్యూటీ చార్టు ఆమే వేస్తోంది. కాలేజీలో మేం నేర్పిన వాటిలో ఆమెకు అక్కరకొచ్చింది అదొక్కటే అని తనే చెప్పింది. గదులు మాత్రం తుడుస్తూనే ఉంది.

ఏడాది దాటాక రిసార్ట్ మేనేజర్ దగ్గరికెళ్ళి రిసెప్షన్‌లోకి మార్చమని అడిగింది. వచ్చే సీజన్‌లో చూద్దామన్నాడు. ఆ సీజనూ వచ్చింది. మళ్ళీ అడిగింది. అప్పుడాయన నిజం చెప్పాడు.

రత్నం ఫోన్‌లో ఆ మాట నాకు అలాగే చెప్పింది. “మేడమ్, నువ్వు ఇక్కడ చాలా ఉపయోగపడుతున్నావు, నిన్ను మారిస్తే ఈ పని ఎవరు చేస్తారు అన్నాడు. మెచ్చుకున్నాడా, తిట్టాడా? నాకు సమజ్ కాలేదు.”

ఉద్యోగంలో చేరేవాళ్ళకు ఇది ముందే చెప్పండి. ఒక చోట బాగా పనికొస్తున్నామంటే పైకి తీసుకెళ్తారని అనుకుంటాం. చాలాసార్లు అక్కడే ఉంచేస్తారు. మేనేజర్ చెడ్డవాడై కాదు. అతని ఇబ్బంది అతనిది.

“పోస్టు మార్చకపోయినా, ఇప్పుడు చేస్తున్న పనికి తగ్గ పేరు ఇమ్మని అడుగు. అదీ కాదంటే ఒప్పందం అయ్యేదాకా చేసి వచ్చేయి. కోపంతో మధ్యలో రావద్దు,” అన్నాను.

అదీ ఇవ్వలేదు. ఒప్పందం ముగిశాక రత్నం తిరిగి వచ్చింది. వచ్చే ముందు నిమల్, ఎక్కడైనా దరఖాస్తు పెడితే నా ఫోన్ నంబరు ఇవ్వు, నీ గురించి నేను మాట్లాడతాను అన్నాడట. ఆ మాట విలువ అప్పుడు మా ఇద్దరికీ పూర్తిగా తెలీదు.

సభ

రత్నం నన్ను చూడటానికి కాలేజీకి వచ్చినప్పుడు గేటు దగ్గర తన ఫొటో ఇంకా ఉంది. కింద నిలబడి చదువుకుందట. నా గదిలోకి వచ్చి, “మేడమ్, ఈ ఎగ్జిక్యూటివ్ ఎవరో నాకు మిలాయించండి, ఒకసారి చూస్తాను,” అంది. నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

ఆ వారంలోనే కొత్తగా చేరే పిల్లలకూ తల్లిదండ్రులకూ సభ ఉంది. రత్నం చేత మాట్లాడించాలని డైరెక్టర్ గారు ఉబలాటపడ్డారు. “నాలుగు మంచి మాటలు చెప్పమ్మా,” అన్నారు. సరేనంది.

హాలు నిండింది. చౌల్దారీ నుంచి వచ్చిన రైతు కుటుంబాలున్నాయి, బజారు దుకాణాలవాళ్ళున్నారు. మూడో వరుసలో అప్పలరాజు కూర్చున్నాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, తన పడవ మీద పనిచేసేవాళ్ళను కూడా వెంట తెచ్చుకున్నాడు. మేనేజరైన తన కూతురు మాట్లాడుతుంటే వాళ్ళు చూడాలని ఆయన కోరిక. పోలమ్మ ఆడవాళ్ళ వైపు కూర్చుంది.

రత్నం మైకు పట్టుకుని హిందీలో మొదలుపెట్టింది. మధ్యలో తెలుగులోకి వచ్చింది. “గేటు దగ్గర నా ఫొటో చూసే ఉంటారు. దాని కింద రాసిన ఉద్యోగం నేను చేయలేదు. నేను గదులు శుభ్రం చేశాను. బాత్‌రూములు కడిగాను. అది ముందే తెలిసి వెళ్ళాను, నన్నెవరూ మోసం చేయలేదు. వెళ్ళినందుకు బాధ లేదు. లేకిన్ మీ పిల్లలు కూడా తెలిసి వెళ్ళాలి.”

అప్పలరాజు లేచాడు. ఎవరి వైపూ చూడకుండా వరుస దాటుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆయనతో వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెంట వెళ్ళారు. రత్నం అటు చూసింది. మైకు చేయి మార్చుకుని మళ్ళీ మాట్లాడింది.

ముగించాక చౌల్దారీ నుంచి వచ్చిన ఒకావిడ లేచింది. “దీదీ, అక్కడ మా అమ్మాయికి జ్వరమొస్తే ఎవరు చూస్తారు?” అని అడిగింది. రత్నం చెప్పింది. ఆడపిల్లలు ఎక్కడ పడుకుంటారని ఇంకొకరు అడిగారు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది, పని నచ్చకపోతే మధ్యలో రావొచ్చా, సెలవు రోజు బయటికి వెళ్ళనిస్తారా అని ఒకరి తర్వాత ఒకరు. నేనిన్నేళ్ళు ఆ సభలు నడిపాను. తల్లిదండ్రులు ఇలాంటి ప్రశ్నలు అడగడం ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం డైరెక్టర్ గారు నా బల్ల ముందు నిలబడ్డారు. “మీరే చెప్పించారా?”

“లేదండీ. చెప్పొద్దని మాత్రం నేను అనలేదు.”

ఆయన తన గదిలోకి వెళ్ళిపోయారు. మర్నాడు ఫ్లెక్సీ తీయించేశారు. క్షమాపణ చెప్పలేదు, నేను ఆశించనూ లేదు. ఆ ఏడాది చేరేవాళ్ళు కొంత తగ్గారు. నిజం చెబితే అన్నీ మంచే జరుగుతాయని నేను మీకు చెప్పలేను.

రత్నం ఇంట్లో జరిగింది అంతకంటే బరువైనది. తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే పోలమ్మకు చెప్పేవాడు. “పదిమందిలో నా తల తీసీసింది,” అన్నాడట. రేవులో ఎవరో మేనేజరమ్మ వచ్చిందా అని ఎగతాళి చేశారని కూడా తెలిసింది. రత్నం నా దగ్గరికి వచ్చి కూర్చుని ఏడ్చింది. “నేను చెప్పింది తప్పా మేడమ్?” అని అడిగింది. తప్పు కాదన్నాను. తప్పు కానిదానికి కూడా ఒకరు నొచ్చుకుంటారు, దానికి నా దగ్గర మందు లేదు అని కూడా అన్నాను.

ఇంట్లో జరిగిన ఇంటర్వ్యూ

కొన్ని నెలల తర్వాత నిమల్ దగ్గర నుంచి కబురొచ్చింది. ఆయన మస్కట్‌లో ఒక హోటల్‌కు మారాడు. అక్కడ గదుల విభాగంలో అసిస్టెంట్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ ఉందనీ, రత్నం గురించి తన పైవాళ్ళకు చెప్పాననీ అన్నాడు. ఇలాంటి ఉద్యోగాలు ఎక్కువగా ఇలాగే వస్తాయి. పక్కన నిలబడి పనిచేసిన మనిషి ఒకరు నోరు విప్పితే వస్తాయి.

ఆ ఉద్యోగం రత్నానికి వచ్చింది. ఇప్పుడు మస్కట్‌లోనే ఉంది, తన కింద చాలామంది పనిచేస్తున్నారు. ఫలితం ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది ఇంటర్వ్యూ జరిగిన మధ్యాహ్నం సంగతి.

కాలేజీలో జరగాల్సిన ఇంటర్వ్యూ. ఆ రోజు వానకు మా దగ్గర నెట్ పోయింది. జంగ్లీఘాట్‌లో సిగ్నల్ బాగుందని రత్నం ఫోన్ చేస్తే అక్కడికే వెళ్ళాను. ముందు గదిలో గోడకు ఆనించి ఫోన్ పెట్టాం. ఉక్కగా ఉందని తలుపు తీసే ఉంచాం. అరుగు మీద అప్పలరాజు వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి తలూపాడు. కూతురి వైపు చూడలేదు.

ఇంటర్వ్యూ చేసినావిడ ఇక్కడ అందరికీ అర్థమయ్యే హిందీలో, మధ్యమధ్య ఇంగ్లీషు కలిపి మాట్లాడింది. “నీది మేనేజ్‌మెంట్ డిగ్రీ. గదులు శుభ్రం చేసే పనిలో ఎందుకు చేరావు?”

“పని తెలిస్తేనే పని చెప్పగలమని...” అని మొదలుపెట్టి రత్నం ఆగింది. “నిజానికి మేడమ్, నాకు వచ్చిన ఉద్యోగం అదొక్కటే.”

ఆవిడ గట్టిగా నవ్వింది. “సరే, అక్కడ నువ్వు చేసిన అన్నిటికంటే కష్టమైన పని ఏది?”

అప్పుడు రత్నం చెప్పిన సంగతి నాకు కూడా అంతవరకు తెలీదు.

బట్టలుతికే విభాగంలో జలాల్ అని ఒక బంగ్లాదేశ్ మనిషి ఉండేవాడట. నడివయసు దాటినవాడు. ఒక అతిథి ఖరీదైన గౌను వేడినీళ్ళలో పడి పాడైంది. తప్పు జలాల్‌దే అన్నారు, ఇంటికి పంపించేస్తామన్నారు. అతనికి చెప్పుకోవడానికి భాష లేదు. చేతులు ఊపుతూ నిలబడ్డాడు. రత్నం బెంగాలీలో అడిగితే, ఆ అతిథే సైగలతో వేడినీళ్ళలో వేయమందని చెప్పాడు. గదులు తుడిచేవాళ్ళు అతిథుల్ని అలాంటివి అడగకూడదు. రత్నం వెళ్ళి అడిగింది. అతిథి మొదట చిరాకుపడి, తర్వాత అవును నేనే అన్నానని ఒప్పుకుంది. జలాల్ ఉద్యోగం నిలిచింది. కానీ అడగకూడనిది అడిగినందుకు మేనేజర్ అందరి ముందూ రత్నాన్ని నానా మాటలూ అన్నాడు.

“మళ్ళీ అలాంటిది జరిగితే అతిథిని అడుగుతావా?” అంది ఫోన్‌లో ఆవిడ.

“అడుగుతాను మేడమ్. ముందు మీకు చెప్పి అడుగుతాను.”

ఇంకా కొన్ని ప్రశ్నలు వేసి, మళ్ళీ చెబుతామని ఆవిడ పెట్టేసింది. రత్నం చెమట తుడుచుకుంది. బాగానే మాట్లాడావని నేను అంటుండగా, అరుగు మీద వల పక్కన పెట్టి అప్పలరాజు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“ఆ బెంగాలీ మడిసికి పిల్లలున్నారేటి?” అని అడిగాడు. ఎవర్ని అడుగుతున్నాడో మొదట నాకు తెలీలేదు.

“ముగ్గురు నాన్నా. పెద్దది ఇస్కూలుకెళ్తంది.”

“మరి నిన్ను తిట్టినోడు? ఆడి పేరేటి?”

రత్నం చెప్పింది.

“అందరి ముందూ తిట్టినాడా?”

“ఊఁ.”

“నువ్వేటన్నావు?”

“ఏటీ అన్నేదు. తలొంచుకుని ఇన్నాను. మర్నాడు మళ్ళీ పనికెళ్ళాను.”

అప్పలరాజు గుమ్మం దగ్గరే కింద కూర్చున్నాడు. చేతులకంటిన దారం పోగులు ఒక్కొక్కటీ దులుపుకున్నాడు. ఆ పిల్ల తిరిగి వచ్చి ఇన్ని నెలలైనా అక్కడ ఏం చేశావని ఆయన ఒక్కసారి కూడా అడగలేదని నాకు అప్పుడే తెలిసింది.

“మొదటి నుంచి సెప్పు,” అన్నాడు. “దిగిన రోజు కాడ్నుంచి సెప్పు. ఏటీ దాసకు.”

పోలమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి గోడకు చేరగిలబడింది. నా బస్సుకు వేళవుతోందని లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. రత్నం గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టింది.